దీపాల మాస్టారి యంత్రం

కుట్టుమిషన్ల గది, మధ్యాహ్నం
ఏప్రిల్ 6

తమ్ముడూ,

నువ్వూ మరదలూ చల్లగా ఉండాలి. నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినపడింది. నేనడిగిన వాటికేమో "ఊఁ, సరే, ఉంటా" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరంలో "ఊఁ" అని తప్పించుకోలేవుగా.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. నువ్వు పనిచేసే టెక్నికల్ స్కూల్లో పాత యంత్రాల కోసం ఒక ప్రదర్శన గది తెరుస్తున్నారు. ముప్పై ఏడేళ్ళ కిందట మన మేడ మీద గదిలో అద్దెకుండి మాస్టారు సొంతంగా కట్టిన కంప్యూటరుకి అచ్చం అలాంటి నకలు చేయమని నిన్నడిగారు. ఆయన నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క తీగ కూడా మారకుండా చేయాలి. సెప్టెంబరులో అది అందరి ముందూ పనిచేస్తే పక్కన అట్ట మీద "పనిచేసిన యంత్రం" అని రాస్తారు. లేకపోతే "ఒక ప్రయత్నం" అని రాస్తారు. ఇంతేనా? ఏమైనా వదిలేశానా?

మాస్టారు మా వెనక వీధిలోనే, మేనకోడలి ఇంట్లో ఉంటున్నారని నీకు తెలుసు. ఎనభై ఒకటి నిండాయి. షాపు కట్టేశాక రోజూ వెళ్ళి కాసేపు కూర్చుని వస్తాను. సంగతి చెప్తే, "మీ తమ్ముడికి నా చేతిరాత అర్థమవుతుందా?" అన్నారు. అంతే. కానీ నేను వెళ్ళగానే ఇవాళ తారీఖెంత అని అడుగుతున్నారు. ఇదివరకు అడిగేవారు కాదు.

అప్పుడు నీకు ఏడేళ్ళు. ఆయన పనిచేసే స్కూలు కమిటీ వాళ్ళు చూడటానికి రావడం, యంత్రం మధ్యలో ఆగిపోవడం, ఆ నెలాఖరుకే ఆయన ల్యాబు ఉద్యోగం పోవడం నీకు ఎంత గుర్తుందో. వీధిలో అందరూ "దీపాల మాస్టారు" అనడం మాత్రం గుర్తుండే ఉంటుంది. దీపాలు మిణుకుమిణుకుమంటాయి, వెనక ఏమీ లేదని వెక్కిరింపు. మొహం మీదే పిలిచేవాళ్ళు. ఆయన "ఆఁ" అని పలికేవారు.

ఒక్క సంగతి అడుగుతాను, నవ్వకు. అది నడుస్తున్నప్పుడు పక్క గదిలో ఇంకేదైనా పెడితే, ఇస్త్రీపెట్టె లాంటిది, దానికేమైనా అవుతుందా? ఊరికే అడిగాను.

అక్క

—

వర్క్‌షాపు, రెండో బల్ల
ఏప్రిల్ 19

అక్కా,

ఏమీ వదల్లేదు. నువ్వు కుట్టుపని మానేసి వకీలువి కావాల్సింది.

మాస్టారి చేతిరాత ముత్యాలే. పుస్తకం తెరిస్తే ఏ తీగ ఎక్కడికి వెళ్ళాలో, టంకం ఎంత పెట్టాలో కూడా ఉంది. ఒకచోట "ఇక్కడ తొందరపడకు" అని రాసుకున్నారు. తనకి తనే రాసుకున్నారో, నాకోసం రాశారో!

బాధ ఒక్కటే. ఆ కాలపు జ్ఞాపకం ముక్కలు దొరకడం లేదు. అంటే దానికి చెప్పింది గుర్తు పెట్టుకునే భాగాలు, నల్లటి పురుగుల్లా కాళ్ళుంటాయి. పుస్తకం ప్రకారం ఎనిమిది కావాలి, ఒక్కొక్కటి పదహారు లైన్లు మోస్తుంది, చివరి రెండూ అదనం. పాత సామాన్లు అమ్మే ఇద్దరికి చెప్పి ఉంచాను.

నువ్వడిగింది నవ్వాల్సిన ప్రశ్న కాదు. పుస్తకం ప్రకారం కరెంటు ఒక్క క్షణం తగ్గినా దానికి గుర్తున్నదంతా తుడుచుకుపోతుంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే. కట్టాక ఇస్త్రీపెట్టె పెట్టి చూసి రాస్తాను.

అన్నట్టు, మొదటి రోజు ఎవరు చెప్పాలి దానికి? ముందున్న ఎనిమిది స్విచ్చులూ పైకీ కిందికీ పెట్టి, ఎర్ర మీట నొక్కితే ఒక లైను ఎక్కుతుంది. అలా తొంభై ఆరు లైన్లు. నేను ప్రయత్నిస్తే ముప్పయ్యో లైనుకి దారి తప్పాను. పదమూడేళ్ళప్పుడు నువ్వు పదకొండు నిమిషాల్లో ఎక్కించేదానివని మాస్టారు పుస్తకంలో రాశారు, తెలుసా? "అమ్మాయి – 11 ని." అని, కింద గీత కూడా గీసి. సెప్టెంబరులో నువ్వే రావాలి.

తమ్ముడు

—

కుట్టుమిషన్ల గది
మే 11

తమ్ముడూ,

కింద గీత గీశారా! ఆ మాట చదివి సూది వేలికి గుచ్చుకున్నాను.

నేను రాలేను. షాపు ఎవరు చూస్తారు? మీ బావ చూస్తారనుకుంటే, ఆయనకి కాజాకీ గుండీకీ తేడా చెప్పడానికే ఇరవయ్యేళ్ళు పట్టింది. అదీకాక అంతమంది ముందు కూర్చోవడం నా వల్ల కాదు. ఎవరైనా చదువుకున్నవాళ్ళ చేత చేయించు.

యంత్రం పెట్టె ఎలా ఉండేదని ఫోన్‌లో అడిగావు. బూడిదరంగు. పై వరసలో దీపాలు ఎనిమిది, ఎర్రవి. ఎడమ చివరిది మిగతావాటికంటే కాస్త మసకగా వెలిగేది. స్విచ్చుల మధ్య నా చూపుడువేలు సరిగ్గా పట్టేంత సందు. కుడి పక్క మీట గట్టిగా ఉండేది, బొటనవేలితో నొక్కేదాన్ని.

మాస్టారు ఈమధ్య సరిగ్గా తినడం లేదు. "పనిచేసిన యంత్రం అని రాస్తారా, పనిచేయు యంత్రం అని రాస్తారా?" అని అడిగారు నిన్న. ఆ తేడా ఆయనకి ఎంత ముఖ్యమో చూస్తే భయమేసింది. ఇది కుదరకపోతే ఆయన తట్టుకోలేరు తమ్ముడూ. ముప్పై ఏడేళ్ళ కిందటి అవమానం మళ్ళీ మొదటిరోజులాగే ఉంటుంది. దేవుడి ముందు కూర్చుంటే ప్రార్థన సగంలో ఆగిపోయి ఆ ఎనిమిది స్విచ్చులే కళ్ళముందుకొస్తున్నాయి.

ముక్కలు దొరికాయా? ఇస్త్రీపెట్టె పెట్టి చూశావా?

అక్క

—

వర్క్‌షాపు
జూన్ 28

అక్కా,

నడిచింది!

మూడు రోజుల నుంచి ఆపకుండా నడుస్తోంది. ఆరుని ఏడుతో హెచ్చించమంటే దీపాల్లో నలభై రెండు చూపిస్తోంది. ప్రిన్సిపాల్ మేడం వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. నువ్వడిగావని పక్కన ఇస్త్రీపెట్టె పెట్టాను, మిక్సీ పెట్టాను. చెక్కుచెదరలేదు. ఇక బెంగ పెట్టుకోకు. మాస్టారికి చెప్పు.

పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

తమ్ముడు

—

ఇంట్లో, వంటగది బల్ల
జులై 7

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. మీ బావ భయపడి మంచినీళ్ళు తెచ్చారు. ఆయన తెచ్చిన మొదటి గ్లాసు అదే కాబోలు.

ఇప్పుడు చెప్తాను. అమ్మకి కూడా చెప్పలేదు. కమిటీ వచ్చిన రోజు పొద్దున్నే మాస్టారు ఇంట్లో అందరికీ చేతులు జోడించి చెప్పారు, "ఒక్క గంట, ఏ స్విచ్చూ ముట్టుకోకండి" అని. నేను పైకి వెళ్ళి తొంభై ఆరు లైన్లూ ఎక్కించి దిగాను. పని అయ్యాక వాళ్ళకి నన్ను చూపిస్తానన్నారు, "ఇదిగో ఈ అమ్మాయే ఎక్కించింది" అని. అద్దంలో చూసుకుంటే జడకున్న రిబ్బను నలిగి ఉంది. ఒక్క నిమిషమే కదా అని కింది గదిలో ఇస్త్రీపెట్టె పెట్టాను. లైటు ఒక్కసారి కిందికి దిగి లేచింది. పైన మాటలు ఆగిపోయాయి.

అంతే. ఒక రిబ్బను కోసం.

తర్వాత నాకు దొరికిన కుట్టుపనిలో సగం ఇస్త్రీయే, చూడు దేవుడి లీల. రోజుకి ఇరవై సార్లు ఆ ప్లగ్గు పెడతాను. పెట్టిన ప్రతిసారీ లైటు వంక చూస్తాను. ఇప్పుడు నీ యంత్రం ఇస్త్రీపెట్టెకి చెదరలేదంటే, ఆ రోజు ఆగింది నావల్ల కాదన్నమాట! ఏదో తీగ ఊడిందేమో, ఇంకేదో అయిందేమో. నావల్ల కాదు. నిన్న ప్రార్థన చివరిదాకా చేశాను.

జులై 8

కవరు అంటించబోతూ మళ్ళీ తీశాను. నిన్న సాయంత్రం మాస్టారికి చెప్పాను. "మూడు రోజులు ఆగకుండా నడిచిందటండీ, పక్కన ఇస్త్రీపెట్టె పెట్టినా, మిక్సీ పెట్టినా చెదరలేదట" అని. ఆయన అన్నం తింటున్నారు. చెంచా కింద పెట్టేశారు.

"ఏమీ కాలేదా?"

"ఏమీ కాలేదటండీ."

"అయితే అది నాది కాదమ్మాయ్" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

సంతోషపడతారనుకుంటే ఇలా అయింది. నేనేమైనా తప్పు మాట్లాడానా? ఆయన ఎందుకలా అన్నారు? వెంటనే రాయి.

అక్క

—

వర్క్‌షాపు, తలుపు వేసుకుని
జులై 15

అక్కా,

నీ ఉత్తరంలో మొదటి పేజీ వరకే చదివి ఉంటే నోరు మూసుకునేవాడినేమో. ముప్పై ఏడేళ్ళ బరువు దిగిందని నువ్వు రాస్తే, దాన్ని మళ్ళీ నీ నెత్తిన పెట్టడానికి చెయ్యి రాలేదు. నాలుగుసార్లు రాసి చింపాను.

మాస్టారు అన్నది నిజం. అది ఆయనది కాదు.

ఎనిమిది ముక్కల్లో మంచివి ఐదే దొరికాయి. మిగతా మూడూ చచ్చినవి. మేడం రోజూ అడుగుతోంది, తారీఖు ప్రకటించేశారు. పెట్టె అడుగున, ఎవరికీ కనపడని చోట, ఇప్పటి కాలపు బోర్డు ఒకటి అతికించాను. నా బొటనవేలి గోరంత ఉంటుంది. దీపాలు వెలిగించేది అదే, లెక్క కట్టేది అదే. మాస్టారి తీగలన్నీ పైపై అలంకారం. ఇస్త్రీపెట్టె కాదు, వీధి మొత్తం కరెంటు ఊగినా అది ఊగదు. దానికి పక్కనే చిన్న బ్యాటరీ కూడా ఉంది.

ఆయనను "దీపాల మాస్టారు" అని వెక్కిరించారుగా. ఉత్తి దీపాల యంత్రం చేసింది ఆయన కాదు, నేను.

కాబట్టి ఇస్త్రీపెట్టె సంగతి నాకు తెలియదు. నీవల్ల కాదని నేను చెప్పలేను. నన్నేం చేయమంటావో చెప్పు. ఇలాగే వదిలేస్తే అట్ట మీద "పనిచేసిన యంత్రం" అని పడుతుంది, ఆయన బతికుండగానే. అది కూడా ఆలోచించు.

తమ్ముడు

—

కుట్టుమిషన్ల గది
జులై 21

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. చదివి గుడ్డల కింద పెట్టాను. కోపం కాదు. కోపం వస్తే బాగుండేది.

ఆయన గోడవైపు తిరిగే ఉన్నారు. నేను వెళ్తే కళ్ళు మూసుకుంటున్నారు. వేరేవాడు చేసిన యంత్రం మీద తన పేరు పడుతుందని ఆయనకి తెలిసిపోయింది. ఇంక ఆ అట్ట ఎవరికి?

ఆ గోరంత ముక్కని తీసెయ్. ఐదు ముక్కలతో ఎంత నడిస్తే అంతే నడవనీ. తర్వాత ఇస్త్రీపెట్టె పెట్టి చూడు. ఏమైందో ఉన్నదున్నట్టు రాయి. నాకోసం తగ్గించి రాయకు.

అక్క

—

వర్క్‌షాపు
ఆగస్టు 4

అక్కా,

తీసేశాను.

ఆ చచ్చిన మూడు ముక్కలు కూర్చోవాల్సిన గుంటలు ఖాళీగానే ఉంచాను. మాస్టారి పుస్తకం ప్రకారం మళ్ళీ ప్రతి తీగా చూసుకుంటూ వచ్చాను. రెండు చోట్ల తొందరపడి వేసిన టంకం ఊడింది. "ఇక్కడ తొందరపడకు" అన్న చోటే, ఒకటి. చిన్న కూడిక ఒకటి, ఇరవై లైన్లది, ఎక్కించాను. నడిచింది. ఈసారి నిజంగా. ఎడమ చివరి దీపం మసకగా వెలిగింది. ఆ దీపానికి పుస్తకంలో కరెంటు తగ్గించే నిరోధం (రెసిస్టరు) వేరేది వేసి ఉంది, నువ్వు చెప్పకముందు అది రాతలో పొరపాటనుకున్నాను.

అప్పుడు మీ మరదలు పక్క గదిలో ఇస్త్రీపెట్టె పెట్టింది. దీపాలన్నీ ఒక్కసారి వెలిగి అలాగే నిలబడిపోయాయి. మళ్ళీ ఎక్కించి మళ్ళీ పెట్టాం. మళ్ళీ అంతే. పెట్టిన ప్రతిసారీ ఆగింది.

ఒక యంత్రం చెడిపోతే నేనింత సంతోషపడటం ఇదే మొదటిసారి. అంటే కమిటీ వచ్చిన రోజు కూడా అది బాగానే నడుస్తూ ఉందన్నమాట. మాస్టారు కట్టినదాంట్లో తప్పు లేదు.

తగ్గించి రాయొద్దన్నావు. అది నీ ఇస్త్రీపెట్టే అక్కా.

ఇంకో చిక్కు. ఐదు ముక్కలు ఎనభై లైన్లే మోస్తాయి. హెచ్చవేతకి తొంభై ఆరు కావాలి. పదహారు లైన్లు ఎక్కడ తీయాలో నాకు బుర్ర అందడం లేదు. స్కూల్లో ఇంకా చెప్పలేదు. చెప్పడానికి వెళ్ళి రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను.

తమ్ముడు

—

మాస్టారి గది, కిటికీ పక్కన
ఆగస్టు 27

తమ్ముడూ,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా ఆయన దగ్గరకే వెళ్ళాను. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే ధైర్యం పోతుందని. ముందు నీ సంగతి చెప్పాను, గోరంత ముక్క పెట్టడం, తీసేయడం, పదహారు లైన్ల చిక్కు. ఇటు తిరిగారు. తర్వాత నా సంగతి.

"మాస్టారూ, ఆ రోజు కింద ఇస్త్రీపెట్టె పెట్టింది నేనండీ."

"తెలుసు."

"తెలుసా!"

"వాసన పైకొచ్చింది. ఏం కాల్చావు?"

"రిబ్బనండీ. నీలంది."

"బాగైందా?"

"లేదండీ. అంచు ముడుచుకుపోయింది."

"అయితే ఇద్దరికీ నష్టమే" అన్నారు. నవ్వారు కూడా. నాకు ఏడుపొచ్చేసింది. తెలిసి కూడా కమిటీ వాళ్ళకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమని చెప్పను? ఇంట్లో ఇస్త్రీ చేస్తే ఆగిపోతుందనా? పదకొండు నిమిషాలు కూర్చోండి, అమ్మాయి మళ్ళీ ఎక్కిస్తుందన్నాను. ఒకాయన చెప్పులు వేసుకుంటున్నాడు. మెట్ల దగ్గరికి వచ్చి నిన్ను పిలిచాను. రెండుసార్లు."

ఇది నీకు రాయలేదు తమ్ముడూ. రిబ్బను సంగతి రాశాను కానీ ఇది రాయడానికి నోరు రాలేదు. నేను బట్టల బీరువా వెనక నక్కి ఉన్నాను. నా వేళ్ళకి తప్ప ఇంకెవరి వేళ్ళకీ అది పదకొండు నిమిషాల్లో రాదని నాకు తెలుసు. ఇస్త్రీపెట్టె పొరపాటు. ఇది పొరపాటు కాదు.

"వినపడిందండీ" అన్నాను.

కళ్ళద్దాలు తీసి దిండు పక్కన పెట్టారు. తర్వాత, "వినపడలేదనుకున్నాను ఇన్నేళ్ళూ" అన్నారు. "ఇవాళ్టికి వెళ్ళమ్మా."

నాలుగు రోజులు వెళ్తే మేనకోడలు గుమ్మంలోనే, "పడుకున్నాడండీ" అంది. ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో అడగకు. ఒక కోటుకి రెండు ఎడమ చేతులు కుట్టాను.

ఐదో రోజు ఆయనే కబురు పెట్టారు. వెళ్తే మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. కాగితాల నిండా పెన్సిలు గీతలు, కొట్టివేతలు. "నీ దగ్గర గుండీలు ఉంటాయిగా, ఎనిమిది పట్రా. పదహారు లైన్లు ఎక్కడ తీయాలో నాకు తెలుసు. నా వేళ్ళు వణుకుతున్నాయి. నీవి కావాలి" అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

అప్పట్నుంచి రోజూ ఇదే పని. గుండీ వెల్లకిలా పెడితే స్విచ్చు పైకి, బోర్లా పెడితే కిందికి. ఆయన లైను చదువుతారు, నేను పెడతాను, పక్కన ఉన్న అగ్గిపెట్టె నొక్కుతాను, అదే మీట. మేనకోడలు గడియారం చూస్తుంది. తప్పు పెడితే, "ఏమమ్మా, ఇంకో రిబ్బను గుర్తొచ్చిందా?" అంటారు. మొదటిసారి ఇరవయ్యారు నిమిషాలు పట్టింది. ఇప్పుడు పద్దెనిమిది. ఇంక తగ్గడం లేదు. కళ్ళద్దాలు జారుతున్నాయి, సూదులు గుచ్చుకుని వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. ఎనభై లైన్ల కాగితం ఇందులో పెడుతున్నాను. ఆరుని ఏడుతో హెచ్చిస్తుంది. పెద్ద అంకెలు కుదరవు, పదిహేనుకి మించితే ఆపేయమన్నారు.

నేను వస్తున్నాను. ఆయనని కూడా తీసుకొస్తున్నాను, డాక్టరుగారు సరే అన్నారు. కానీ నువ్వు మేడంకి అంతా చెప్పాలి. చెప్పకపోతే నేను ఆ కుర్చీలో కూర్చోలేను. ఇంకొకటి అడుగు. స్కూలు కట్టడం పాతది, కరెంటు లైనూ పాతదేనని ఫోన్‌లో అన్నావు. అందరి ముందూ నడుస్తూ మధ్యలో కరెంటు తగ్గి ఆగిపోయిందనుకో. నేను మళ్ళీ మొదలుపెడితే పద్దెనిమిది నిమిషాలు ఉంటారా, వెళ్ళిపోతారా? ముందే అడిగి రాయి. ఆయనని ఇంకోసారి అలా నిలబెట్టలేను. నాకు నిద్ర పట్టడం లేదు.

అక్క

—

వర్క్‌షాపు
సెప్టెంబరు 3

అక్కా,

ఈసారి గుమ్మం దాటాను.

మేడంకి మొత్తం చెప్పాను. గోరంత ముక్క బల్ల మీద పెట్టి చూపించాను. వేలితో దాన్ని తిప్పి చూసింది.

"అయితే జూన్‌లో నేను చప్పట్లు కొట్టింది దేనికి?"

"దీనికే మేడం."

చాలా మాటలు పడ్డాను. అవి రాయను. అట్ట మీద కట్టినవాడిగా నా పేరు ఉండదు. ఉండకూడదు కూడా. పెట్టె మూత తీసి, ఖాళీ గుంటలు మూడూ కనపడేలా అద్దం వేయమంది. ప్రారంభం రద్దు చేస్తుందనుకుని లేచాను. గుమ్మం దగ్గర ఉండగా నీ ప్రశ్న అడిగేశాను, అది ఆగిపోతే జనం ఉంటారా అని.

"ఎంతసేపు పడుతుంది?"

"పద్దెనిమిది నిమిషాలు మేడం. మా అక్క ఎక్కిస్తుంది."

"ఉండమని నేను చెప్తాను. అంతసేపు ఎవరూ నిలబడలేరు" అని, ఫోన్ తీసి కింద స్టోరు గదికి చేసింది.

నలభై కుర్చీలు చెప్పింది అక్కా. ముందు వరసలో ఒకదానికి చేతులుండాలంది, పెద్దాయన కోసం.

తమ్ముడు